స్కాట్లాండ్ పూర్వీకుల వేట: ఏ సైట్లో వెతకాలి, డబ్బు ఎక్కడ పెట్టాలి

గుంతకల్లు, కాజీపేట, లాలాగూడ, వాల్తేరు రైల్వే కాలనీల్లో పెరిగిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకు స్టువర్ట్, ఫ్రేజర్, మెకెంజీ లాంటి స్కాటిష్ ఇంటిపేర్లు కొత్తేమీ కాదు. "మా ముత్తాత స్కాట్లాండ్ నుంచి వచ్చాడట" అన్న ఒక్క మాట తప్ప చేతిలో కాగితం ముక్క లేనివాళ్ళే వాళ్ళలో ఎక్కువ. ఇంకోవైపు, ఉద్యోగాలకని గ్లాస్గో, ఎడిన్‌బరో వెళ్ళి అక్కడివాళ్ళని పెళ్ళి చేసుకున్న తెలుగువాళ్ళు ఉన్నారు. పిల్లలకి మనవైపు తాతముత్తాతల పేర్లు చెప్పగలరు, అటువైపు కూడా చెప్పాలని ఆశ. ఎవరు మొదలుపెట్టినా నెట్లో అరడజను సైట్లు ఎదురవుతాయి. కొన్ని ఏడాదికింత అని డబ్బు అడుగుతాయి, కొన్ని ఉచితం అంటాయి, అన్నీ "కోట్ల రికార్డులు" అంటాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్కాట్లాండ్ వరకు చూసుకుంటే ఏడాది సబ్‌స్క్రిప్షన్‌తో మొదలుపెట్టడం డబ్బు దండగ. ఇంగ్లండ్ పూర్వీకులకైతే అది పనికొస్తుంది. స్కాట్లాండ్ ముఖ్య రికార్డుల అసలు పేజీలు మాత్రం అక్కడి ప్రభుత్వ సైట్లోనే ఉన్నాయి, అదీ పేజీకింత అని కట్టి చూసుకోవాలి. కాబట్టి ఉచితంగా వెతికి మనిషిని ఖాయం చేసుకుని, ఆ తర్వాతే పేజీ కొనాలి. సబ్‌స్క్రిప్షన్ అవసరమైతే చివర్లో చూసుకోవచ్చు. భారతదేశం మీదుగా వెళ్ళే కథలకి మాత్రం వరస వేరు, అది కింద చెప్తాను.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదటిది, ఆ సైట్ చూపించేది అసలు పేజీ స్కానా, ఎవరో చదివి టైపు చేసిన నకలా? పాత చేతిరాతలో కె, ఆర్ ఒకేలా కనిపించిన చోట ఇంటిపేరే మారిపోతుంది. పైగా టైపు చేసేవాళ్ళు అన్ని గడులూ ఎక్కించరు. సాక్షుల పేర్లు, మరణం గురించి కబురు చెప్పిన బంధువు పేరు, మార్జిన్‌లో రాసిన సవరణ లాంటివి నకలులో సాధారణంగా ఉండవు. బంధుత్వాలు తేలేది తరచూ అక్కడే.

రెండోది కాలం. స్కాట్లాండ్‌లో 1855 జనవరి 1 నుంచి జనన, వివాహ, మరణాల నమోదు ప్రభుత్వం చేతికి వచ్చింది. అప్పటినుంచి రిజిస్టర్లు దాదాపు పూర్తిగా దొరుకుతాయి, సమాచారమూ దండిగా ఉంటుంది. అంతకుముందు ఉన్నవన్నీ చర్చి రిజిస్టర్లు. వాటిలో అన్నిటికన్నా పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ పారిష్‌ది (పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం), 1553 నాటిది. చాలా పారిష్‌లలో ఇంకెంతో ఆలస్యంగా మొదలుపెట్టారు, మధ్యమధ్యలో ఏళ్ళకేళ్ళు ఖాళీలున్నాయి.

మూడోది, మీ మనిషి ఏ దేశంలో పుట్టాడు, ఏ దేశంలో చనిపోయాడు అన్నది. అబర్డీన్‌లో పుట్టి సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో చనిపోయినవాడి మరణం స్కాట్లాండ్ రిజిస్టర్లో ఉంటుందని వెతికితే రోజులు గడిచిపోతాయి, ఫలితం ఉండదు.

నాలుగోది ఖర్చు. ఎంత అన్నదానికన్నా ఎలా కడతామన్నదే ఇక్కడ ముఖ్యం. పేజీకింత కట్టే పద్ధతి జాగ్రత్తపరుడికి చవక, తొందరపడేవాడికి ఖరీదు.

| ఎక్కడ | అసలు పేజీ కనిపిస్తుందా | డబ్బు | దేనికి మంచిది |
|---|---|---|---|
| స్కాట్లాండ్స్‌పీపుల్ | కనిపిస్తుంది | వెతకడం ఉచితం, పేజీకి క్రెడిట్లు (ముందే కొనుక్కునే పాయింట్లు) | స్కాట్లాండ్‌లో జరిగిన ప్రతిదానికీ |
| ఫ్యామిలీసెర్చ్ | స్కాట్లాండ్ వరకు ఎక్కువగా ఇండెక్సే | ఉచితం | 1855కి ముందు బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు |
| ఫ్రీసెన్ | లేదు | ఉచితం | 19వ శతాబ్దపు సెన్సస్ (కొన్ని కౌంటీలే, అంటే జిల్లాలే) |
| ఫైండ్‌మైపాస్ట్ | భారత్, సైన్యం రికార్డులకి కనిపిస్తుంది | సబ్‌స్క్రిప్షన్ | మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రికార్డులు, సైనికులు |
| యాన్సెస్ట్రీ | స్కాటిష్ సెన్సస్‌కి లేదు | సబ్‌స్క్రిప్షన్ | కెనడా, ఆస్ట్రేలియా, అమెరికా వలసలు |
| ఫిబిస్ | కొన్నిటికే | వెతకడం ఉచితం | బ్రిటిష్ ఇండియాలో బతికినవాళ్ళు |

స్కాట్లాండ్స్‌పీపుల్

ఇది నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లాండ్ నడిపే ప్రభుత్వ సైట్. 1855 నుంచి జనన, వివాహ, మరణ రిజిస్టర్లు, అంతకుముందు చర్చి రిజిస్టర్లు, 1841 నుంచి 1921 దాకా సెన్సస్ పుస్తకాలు, వీలునామాలు, ఇళ్ళ పన్ను లెక్కల పుస్తకాలు అన్నీ ఇక్కడే ఉంటాయి. ఖాతా తెరిచి ఇండెక్స్‌లో ఎంతసేపు వెతికినా పైసా అడగరు. పేజీ తెరిస్తేనే క్రెడిట్లు పోతాయి. మామూలు రిజిస్టర్ పేజీకి చాలాకాలంగా 6 క్రెడిట్లు, అంటే ఒకటిన్నర పౌండ్. రేటు మారి ఉంటే సైట్లో కనిపిస్తుంది. ఒకసారి తెరిచిన పేజీ మీ ఖాతాలోనే ఉండిపోతుంది, మళ్ళీ కట్టక్కర్లేదు.

ఆ ఒకటిన్నర పౌండ్‌కి వచ్చే సరుకు మాత్రం అద్భుతం. 1855 తర్వాతి మరణ రిజిస్టరు పేజీ ఒక్కటి తీసుకుందాం. చనిపోయిన మనిషి పేరు, వృత్తి, వయసుతో పాటు తండ్రి పేరు, తండ్రి వృత్తి, తల్లి పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు కూడా ఉంటాయి. 1858లో డెబ్బై ఏళ్ళ ముసలాయన చనిపోయాడనుకోండి. ఆ ఒక్క పేజీ మిమ్మల్ని 1780ల నాటి దంపతుల దగ్గరికి తీసుకెళ్తుంది. అదే కాలం ఇంగ్లండ్ మరణ సర్టిఫికెట్లో తల్లి పుట్టింటి పేరు ఉండదు. ఒక చిన్న జాగ్రత్త: కబురు చెప్పింది అల్లుడో పక్కింటాయనో అయితే తల్లి పేరు ఊహించి చెప్పి ఉండవచ్చు. అందుకే చివరి గడిలో కబురు చెప్పినవారి సంతకం, బంధుత్వం చూడాలి.

1855 ఒక్క ఏడాది మాత్రం అన్నిటికన్నా ప్రత్యేకం. ఉత్సాహం కొద్దీ ఆ ఏడు చాలా ప్రశ్నలు అడిగారు. జనన రిజిస్టర్లో తల్లిదండ్రుల వయసు, వాళ్ళు పుట్టిన ఊళ్ళు, పెళ్ళెక్కడ ఎప్పుడు జరిగింది, అంతకుముందు పుట్టిన పిల్లలెందరు, వాళ్ళలో బతికున్నదెందరు అన్నీ రాయించారు. రిజిస్ట్రార్ల చేతులు నొప్పెట్టాయో ఏమో, 1856లోనే చాలా గడులు తీసేశారు. తల్లిదండ్రుల పెళ్ళి వివరం 1861లో మళ్ళీ వచ్చింది. మీ మనిషి 1857లో పుట్టినా అతని అన్నో అక్కో 1855లో పుట్టి ఉంటే ఆ పేజీ ముందు కొనండి.

మార్జిన్‌లో "ఆర్ సీ ఈ" అని మూడక్షరాలు కనిపిస్తే వదలకండి. తర్వాత చేసిన సవరణల రిజిస్టరుకి అది దారి. ప్రమాదంలో చనిపోతే విచారణలో తేలిన కారణం, పెళ్ళికాని తల్లికి పుట్టిన బిడ్డకి కోర్టు తేల్చిన తండ్రి పేరు లాంటివి అక్కడ దొరుకుతాయి.

ఇక ఖర్చు తగ్గించే కిటుకు. జేమ్స్ స్టువర్ట్ అని మరణాల్లో వెతికితే ఒక్క కౌంటీలోనే పన్నెండు పేర్లు రావచ్చు. అన్నీ తెరిస్తే 18 పౌండ్లు. అదే పెళ్ళి రిజిస్టర్లో వరుడి ఇంటిపేరు, వధువు ఇంటిపేరు రెండూ ఇచ్చి వెతికితే ఉచిత ఇండెక్స్‌లోనే రెండు మూడుకి తగ్గిపోతాయి. కాబట్టి దంపతులిద్దరి పేర్లూ తెలిస్తే ఎప్పుడూ పెళ్ళితోనే మొదలుపెట్టాలి. పెళ్ళి పేజీలో ఇరువైపుల తల్లిదండ్రులూ ఉంటారు కాబట్టి ఒక్క పేజీతో నలుగురు పెద్దలు దొరుకుతారు. ఇంకో సౌకర్యం: స్కాటిష్ రికార్డుల్లో ఆడవాళ్ళ పుట్టింటి పేరు పెళ్ళయ్యాక కూడా పోదు. పెళ్ళయిన ఆమె మరణాన్ని పుట్టింటి పేరుతోనూ అత్తింటి పేరుతోనూ వెతకవచ్చు.

లోటు కూడా చెప్పాలి. కొత్త రికార్డులు ఆన్‌లైన్లో చూపించరు. జననాలకి 100 ఏళ్ళు, పెళ్ళిళ్ళకి 75, మరణాలకి 50 దాటితేనే పేజీ కనిపిస్తుంది. ఈమధ్యవి కావాలంటే సర్టిఫికెట్ ఆర్డర్ పెట్టి తెప్పించుకోవాలి. లేదంటే ఎడిన్‌బరోలోని జనరల్ రిజిస్టర్ హౌస్‌కో, గ్లాస్గోలో మిచెల్ లైబ్రరీకో వెళ్ళి రోజు రుసుము కట్టి కూర్చోవాలి. అక్కడ ఈ గడువుల అడ్డు లేదు.

1855కి ముందు అయితే

ఇక్కడ ముందు ఫ్యామిలీసెర్చ్ తెరవండి. అమెరికాలోని మోర్మన్ చర్చి నడిపే ఉచిత సైట్ అది. స్కాట్లాండ్ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళ ఇండెక్స్ అందులో పెద్దది. దాని అసలు బలం ఏమిటంటే బిడ్డ పేరు ఖాళీగా వదిలేసి తల్లిదండ్రుల పేర్లు మాత్రం ఇచ్చి వెతకవచ్చు. ఆ దంపతుల పిల్లలంతా వరసగా వచ్చేస్తారు. తాత పేరు మనవడికి పెట్టుకోవడం మనకెలా అలవాటో స్కాట్లాండ్‌లోనూ అంతే. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్దకూతురికి తల్లి తల్లి పేరు పెట్టడం వాడుక. పిల్లల వరస కనిపిస్తే తాతల పేర్లు ఊహించవచ్చు. అది ఊహ మాత్రమే, రుజువు కాదు. అందరూ పాటించలేదు.

బాప్తిస్మం దొరకలేదంటే పుట్టలేదని కాదు. 1783 నుంచి 1794 దాకా రిజిస్టర్లో ఎక్కించే ప్రతి జననం, పెళ్ళి, మరణం మీద 3 పెన్నీల పన్ను వేశారు. బీదవాళ్ళు ఎక్కించడమే మానేశారు. 1843లో చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ చీలి ఫ్రీ చర్చ్ పుట్టింది. అప్పటినుంచి 1855 దాకా బోలెడు కుటుంబాలు పాత పారిష్ పుస్తకాల్లో కనిపించవు. కాథలిక్కుల రిజిస్టర్లు వేరు, అవి కూడా స్కాట్లాండ్స్‌పీపుల్‌లోనే ఉన్నాయి. పశ్చిమ దీవులు, హైలాండ్స్ పారిష్‌లైతే మరీ ఆలస్యం.

ఈ కాలానికి చాలామంది పట్టించుకోని నిధి ఒకటుంది: కర్క్ సెషన్ పుస్తకాలు. చర్చి పెద్దలు ఊరి నడవడిక మీద జరిపిన పంచాయితీల మినిట్స్ అవి. పెళ్ళికాని అమ్మాయికి కడుపొచ్చిందని తెలిస్తే పిలిపించి తండ్రెవరని అడిగేవారు, అతన్నీ పిలిపించేవారు. ఒప్పుకుంటే జనం ముందు చీవాట్లు, జరిమానా. బాప్తిస్మం పేజీలో తండ్రి పేరు లేనిచోట ఇక్కడ దొరికే అవకాశం ఉంది. బీదసాదలకి చర్చి ఇచ్చిన సాయం లెక్కలు కూడా వీటిలోనే. స్కాట్లాండ్స్‌పీపుల్‌లో వీటి స్కాన్లు 2021 నుంచి ఉచితంగా తిరగేసి చూడవచ్చు. కాకపోతే పేర్ల ఇండెక్స్ ఉండదు. పారిష్, ఏడాది తెలిసి ఉండాలి, పాత రాత చదివే ఓపిక ఉండాలి. వారాంతం మొత్తం పోతుంది, కానీ ఇంత కథ ఇంకెక్కడా దొరకదు.

సెన్సస్‌కి ఏది?

1841 నుంచి 1891 దాకా ఫ్రీసెన్‌లో వాలంటీర్లు ఎక్కించినంత మేర ఉచితం. మీ కౌంటీ, మీ ఏడాది అందులో ఉందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే యాన్సెస్ట్రీ, ఫైండ్‌మైపాస్ట్ రెండింటిలోనూ 1901 దాకా టైపు చేసిన నకళ్ళున్నాయి. 1911, 1921తో సహా అసలు పేజీలు మాత్రం స్కాట్లాండ్స్‌పీపుల్‌లోనే. 1911లో పెళ్ళయి ఎన్నేళ్ళయింది, పుట్టిన పిల్లలెందరు, మిగిలిందెందరు అని కూడా అడిగారు.

1841 లెక్కల్లో పెద్దవాళ్ళ వయసుల్ని నమ్మకండి. పదిహేను దాటినవాళ్ళ వయసుని ఐదుకి దించి రాశారు. 39 ఏళ్ళవాడు 35 అవుతాడు. పుట్టిన ఊరు కూడా ఉండదు, ఆ కౌంటీయేనా కాదా అన్నది మాత్రమే. ఊరి పేరు కావాలంటే 1851కి వెళ్ళాలి.

ఫైండ్‌మైపాస్టా, యాన్సెస్ట్రీయా?

రెండిట్లో ఒకటే తీసుకోగలిగితే, మీ కథ భారతదేశం మీదుగా వెళ్తుంటే ఫైండ్‌మైపాస్ట్. ఇందులో తటపటాయింపు అక్కర్లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో చర్చి ఫాదర్లు చేయించిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధుల నకళ్ళు లండన్‌కి పంపేవారు. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్న ఆ పుస్తకాలు ఫైండ్‌మైపాస్ట్‌లో స్కాన్లతో సహా ఉన్నాయి. నిజాం రాజ్యంలో ఉన్నా సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఎంట్రీలకి కూడా మద్రాసు పుస్తకాల్లోనే వెతకాలి. చెల్సీ పెన్షనర్ల (బ్రిటిష్ సైన్యం పెన్షన్ పొందినవాళ్ళ) కాగితాలు కూడా ఈ సైట్లోనే. పెన్షన్‌తో రిటైరైన సైనికుడి డిశ్చార్జి కాగితంలో అతను ఏ పారిష్‌లో పుట్టాడో ఉంటుంది. "ముత్తాత స్కాట్లాండ్ నుంచి వచ్చాడట" అన్న మాటని ఒక ఊరి పేరుగా మార్చేది తరచూ ఈ కాగితమే.

మద్రాసు పుస్తకాల్లో రెండు ఇబ్బందులున్నాయి. బాప్తిస్మం ఎంట్రీలో తల్లి పేరు ఉంటుంది, పుట్టింటి పేరు సాధారణంగా ఉండదు. తల్లి ఇక్కడి స్త్రీ అయితే కొన్నిచోట్ల పేరే రాయలేదు. రెండోది, కాథలిక్ కుటుంబాల ఎంట్రీలు చాలావరకు లండన్ చేరలేదు. వాటికోసం ఆన్‌లైన్ మీద ఆశ పెట్టుకోకుండా ఇక్కడి చర్చి ఆఫీసుకే వెళ్ళి మర్యాదగా అడగడం మేలు.

ఫైండ్‌మైపాస్ట్‌కి డబ్బు కట్టేముందు ఫిబిస్ ఉచిత డేటాబేస్‌లో ఇంటిపేరు కొట్టి చూడండి. బ్రిటిష్ ఇండియా కుటుంబాల మీద పనిచేసే సొసైటీ అది. పత్రికల ప్రకటనలు, సమాధి రాళ్ళ మీది రాతలు లాంటివి అందులో ఎక్కిస్తుంటారు.

యాన్సెస్ట్రీ బలం వేరేచోట ఉంది. 1947 తర్వాత మన రైల్వే కాలనీల నుంచి ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, కెనడా వెళ్ళిపోయిన బంధువుల్ని వెతకడానికి ఓడ ప్రయాణికుల జాబితాలు, ఆయా దేశాల రికార్డులు అక్కడ బాగుంటాయి. జనం అక్కడ పెట్టిన రెడీమేడ్ వంశవృక్షాల్ని మాత్రం దారి చూపే బోర్డుల్లా వాడుకోండి, అంతకుమించి నమ్మకండి. క్యాంప్‌బెల్ అని పేరున్న ప్రతివాడినీ ఆర్గైల్ డ్యూక్ వంశానికి కట్టేసే ఉత్సాహవంతులు బోలెడుమంది. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన రక్తసంబంధం ఉన్నట్టు కాదు. ఆ ప్రాంతపు దొర పేరే పెట్టుకున్న కౌలుదార్లు కూడా ఉన్నారు.

మీరు ఏ రకం?

*స్కాట్లాండ్‌లోనే ఉంటున్నవారు:* సబ్‌స్క్రిప్షన్లు వద్దు. అత్తమామల పెళ్ళి తేదీ అడిగి తెలుసుకుని, స్కాట్లాండ్స్‌పీపుల్‌లో ఒక చిన్న క్రెడిట్ ప్యాక్ కొని వెనక్కి నడవండి. పెద్ద పని ఉంటే ఎడిన్‌బరోలో ఒక రోజు కూర్చోవడమే చవక. ఊరు తెలిశాక నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ మ్యాప్ సైట్లో పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ సర్వే సంస్థ) పటాలు ఉచితంగా చూడండి. సెన్సస్‌లో ఉన్న పొలం పేరు, గుడిసెల వరస కూడా ఆ పటంలో కనిపిస్తుంటాయి.

*చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు:* ఉదాహరణకి, మద్రాసు గవర్నరుగా చేసిన థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టి 1827లో కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో చనిపోయారు. కాబట్టి పుట్టుకకి పారిష్ రిజిస్టరు, మరణానికి మద్రాసు రికార్డులు. 1855 నాటి సౌకర్యాలేవీ వర్తించవు. కైఫీయతులు (ఊళ్ళ స్థానిక చరిత్రలు) సేకరింపజేసిన కాలిన్ మెకెంజీది లూయిస్ దీవిలోని స్టోర్నొవే. ఆయన పుట్టిన ఏడాది 1753 అని కొందరు, 1754 అని కొందరు రాస్తారు. ఇలాంటి ప్రముఖులకి వీలునామాలు, ఉత్తరాలే రిజిస్టర్లకన్నా ఎక్కువ చెబుతాయి.

*ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు:* ఫిబిస్ ముందు, ఫైండ్‌మైపాస్ట్ ఒక నెల, స్కాట్లాండ్స్‌పీపుల్ ఆఖర్న. వరస తిప్పేస్తే ఒకే పేరున్న పాతికమందిలో మీ మనిషెవరో తేలదు. నెల సబ్‌స్క్రిప్షన్ తీసుకునే ముందే వెతకాల్సిన పేర్లు, ఏళ్ళు, ఊళ్ళు కాగితం మీద రాసి పెట్టుకోండి. గడువు అయ్యేలోగా ఆటో రెన్యూవల్ ఆపేయండి. ఆ టెన్షన్ ఎందుకని చాలామంది కట్టిన రోజే ఆపేస్తారు, గడువు దాకా సైట్ పనిచేస్తూనే ఉంటుంది.

*ఇంటిపేరు తప్ప ఏమీ తెలియనివారు:* ఏ సైట్‌కీ ఇప్పుడే డబ్బు కట్టకండి. ముందు ఇంట్లో ఉన్న బాప్తిస్మం సర్టిఫికెట్లు, పాత బైబిల్ మొదటి పేజీ, తాతగారి రైల్వే సర్వీసు కాగితాలు, సమాధి రాయి ఫోటో తీసి పెట్టుకోండి. ఆస్ట్రేలియాలో ఉన్న పెద్దత్తకి ఫోన్ చేసి ముత్తాత పూర్తి పేరు, ఆయన పనిచేసిన రెజిమెంటో రైల్వే కంపెనీయో అడగండి. మెక్, మాక్ తేడాలు, పేరులో ఒక అక్షరం ఎక్కువ తక్కువలు అన్నీ రాసుకోండి, వెతికేటప్పుడు అన్ని రకాలుగానూ కొట్టాలి. ఒక మనిషి, ఒక ఊరు, పదేళ్ళ తేడాలో ఒక ఏడాది దొరికితే చాలు, ఫిబిస్ తెరవవచ్చు.